సగం కట్టిన రిబ్బను

భద్రాచలం నుంచి పాల్వంచ వెళ్లే బస్సులో నా ముందు సీటులో ఒక తండ్రి, ఆయన ఆరేళ్ల కూతురు కూర్చున్నారు. "మా డాడీ ముందుగాల మిలిటరీల ఉండె. ఇప్పుడు కరెంటు ప్లాంటుల ఇంజనీరు," అని ఎవరూ అడగకుండానే ఆ పాప అందరికీ చెప్పింది.

వాళ్ల పక్కనే కూర్చుని మిర్చి బజ్జీలు తింటున్నవాడికి హుషారు పుట్టింది.

"యుద్ధం గిట్ల చేసిండ్రా సార్?"

"అవ్, చేసిన," అన్నాడాయన, పాప జడకు ఊడిన రిబ్బను కడుతూ.

"మరి ఎంతమందిని లేపేసిండ్రు?"

ఆయన చేతులు ఆగిపోయాయి. వాడు మాత్రం ఊరుకోలేదు. నూనె అంటిన వేళ్లు చప్పరిస్తూ, "చెప్పుండ్రి సార్, పాప గూడ వింటది," అన్నాడు.

పాప తండ్రి ముఖంలోకి చూసింది. "డాడీ, నువ్వు మనుషులను చంపినవా?"

ఆయన పాల్వంచ ఇంకా దూరం ఉండగానే, నడి అడవిలో బస్సు ఆపించి, పాపను ఎత్తుకుని దిగిపోయాడు. రిబ్బను సగం వేలాడుతూనే ఉంది.

బస్సు కదలగానే వాడు కిటికీ పక్కకు జరిగి కాళ్లు బారజాపుకున్నాడు. "గింత దానికే అంత కోపమేంది?" అంటూ వెనక్కి తిరిగి నాకో బజ్జీ ఇవ్వబోయాడు.

ఇప్పటికీ ఆ వాసన తగిలితే నాకు డోకొస్తుంది.