మా చాల్‌కు కెమెరా వచ్చిన రోజు

నేను పుట్టేనాటికి మా అమ్మకు పదిహేనేళ్లు. పాలమూరు దిక్కునుంచి పెళ్లి చేసుకొని బొంబాయికి వచ్చి, కట్టడాల మీద ఇసుక తట్టలు మోసేది. నేను పుట్టానని మా నాన్న చాల్‌లో ఇంటింటికీ కోవా పేడాలు పంచాడట. మేస్త్రీ కూడా వచ్చి చేతిలో నోటు పెట్టి పోయాడట. అమ్మ వయసు సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకూ అందులో వింతేమీ కనబడలేదు, నా సొంత బిడ్డ తొమ్మిదో తరగతికి వచ్చి రెండు జడలతో నా ముందు నిలబడేదాకా.

మేముండేది కామాటిపురలో, ఒక పాత చాల్ రెండో అంతస్తులో. పొడుగాటి వరండా, దాని వెంట వరుసగా ఒంటిగది ఖోలీలు. నేను తలుపు దగ్గరే మిషన్ వేసుకొని చీరలకు ఫాల్, పీకో కుడతాను. వరండాలో వచ్చేపోయేవాళ్లంతా నా కళ్ల ముందునుంచే పోవాలి. మా పక్క ఖోలీ పిల్ల బడినుంచి రాగానే సంచి ఇంట్లో పడేసి నా దగ్గరికి వచ్చేది. బాబిన్‌లకు దారం చుట్టిపెట్టేది. మా అమ్మ తెలుగులో ఏదన్నా అడిగితే మరాఠీలో జవాబు చెప్పేది. "నీ నోట్ల తెలుగు పుట్టదా?" అని అమ్మ కసురుకుంటే నవ్వేది. నా బిడ్డా తనూ ఒకే బడి, ఒకే తరగతి. వాళ్ల నాన్న తాపీ పని చేస్తాడు. వాళ్లమ్మ నాలుగిళ్లలో వంట చేస్తుంది. మంచి కుటుంబం, గొడవల్లేని మనుషులు.

ఆ పిల్ల కడుపుతో ఉందన్న సంగతి కన్నతల్లికే తెలియలేదు. నేను నమ్ముతాను. ఎందుకంటే రోజూ నా పక్కన కూర్చునే పిల్ల, నాకూ తెలియలేదు. వదులు కుర్తాలు వేసుకునేది, ఓణీ నిండుగా కప్పుకునేది. పెద్దపిల్ల అవుతున్నది కదా, సిగ్గనుకున్నాను. ఒకరోజు పొద్దున కడుపునొప్పని మెలికలు తిరుగుతుంటే టాక్సీలో ఆసుపత్రికి తీసుకుపోయారు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టిందన్న కబురు వచ్చింది. తల్లికి పదిహేనేళ్లు. తండ్రి పక్క గల్లీ పిల్లగాడు, వాడూ మన తెలుగువాడే, సంచులు కుట్టే కార్ఖానాలో పని నేర్చుకుంటున్నాడు. వాడికి పదహారు.

ఇట్లాంటి కాన్పయితే ఆసుపత్రివాళ్లు పోలీసులకు చెప్పి తీరాలట. చెప్పారు. సాయంత్రానికి పోలీసులు వచ్చి పిల్లగాణ్ని తీసుకుపోయారు. ఇక చాల్ మొత్తానికి అదే మాట. నీళ్ల దగ్గర, మెట్ల మీద, కిరాణా దుకాణం ముందు.

"తల్లికి కండ్లు లేవా?" అని ఒకరు.

"ఫోన్లు చేతికిస్తే గిట్లనే అయితది," అని ఇంకొకరు.

పిల్లగాని గురించి మాత్రం "పాపం, వాని బతుకు పాడైంది" అనేవాళ్లు. పాడైన మాట నిజమే. కానీ పిల్ల గురించి ఆ పాపం అన్న మాట ఎవరి నోటినుంచీ వినలేదు.

నా ఇంట్లో కూడా ఆ గాలి తగిలింది. నా బిడ్డ ఫోన్ తీసుకొని మెసేజ్‌లు చూశాను. అది గుమ్మంలో నిలబడి, "మమ్మీ, నన్ను కూడా షక్ చేస్తున్నవా?" అని నా అనుమానాన్ని నిలదీసింది. ఫోన్ తిరిగిచ్చాను. చాలా రోజులు అది నాతో సరిగా మాట్లాడలేదు.

పిల్ల ఇంకా ఆసుపత్రిలో ఉండగానే కెమెరా వచ్చింది. మైకు పట్టుకున్న ఒక అమ్మాయి, ఇరవై మూడో నాలుగో ఉంటాయి, వెనక కెమెరా మోసుకుంటూ ఒకతను. కింద ఎవరో చెప్పినట్టున్నారు, నేరుగా రెండో అంతస్తుకే ఎక్కారు. పక్క ఖోలీకి తాళం ఉంది. అతను ఆ తాళాన్ని కెమెరాలో పట్టాడు, తలుపు పక్క నీలం డ్రమ్మును పట్టాడు, తాడు మీద ఆరేసిన బడి యూనిఫాంను పట్టాడు. నేను మిషన్ ఆపి లోపలికి పోయి తలుపు మూయబోయాను.

మా అమ్మ మాత్రం వరండాలో పీట మీద నుంచి లేచింది. "ఏం గావాలె మీకు?" అంది హిందీలో.

ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "అమ్మా, ఇక్కడ ఒక చిన్న పిల్లకు బిడ్డ పుట్టిందట. మీరు పొరుగువాళ్లు. దీని గురించి మీరేమంటారు?"

అమ్మకు బాగా కోపంగా ఉంది. అన్ని రోజులుగా నీళ్ల దగ్గర విన్న మాటలన్నీ లోపల కుతకుతలాడుతున్నాయి. మైకు మూతి దగ్గరికి రాగానే ఆగకుండా చెప్పింది. "ఇందులో ఏముంది? నాకూ పదిహేనేండ్లకే బిడ్డ పుట్టింది. అదిగో, ఆమెనే. అప్పుడు ఎవరూ కెమెరా పట్టుకొని రాలేదు. పేడాలు తిని పోయిన్రు. నా మెడల తాళి ఉండె గనక నేను మంచిదాన్నయితి. ఈ పిల్ల మెడల లేదు గనక చెడ్డదైందా? ఇద్దరమూ పిల్లలమే. తప్పు పెద్దోళ్లది. ఆ పిల్లను వదిలెయ్యిండ్రి. ఇంటికి రానియ్యిండ్రి."

ఆ అమ్మాయి తల ఊపుతూ విన్నది. కెమెరా అతను కూడా కదలకుండా తీశాడు. పోయేటప్పుడు ఆమె అమ్మకు దండం పెట్టి, "చాలా బాగా చెప్పారు" అంది. అమ్మ ముఖం వెలిగింది. ఆ పూట సంతోషంగా అన్నం తిన్నది. ఎవరో ఒకరు నిజం చెప్పాలి గదా అన్నది.

మర్నాడు సాయంత్రం నా బిడ్డ ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఆ ఛానెల్ వీడియో నడుస్తున్నది.

మొదట ఒళ్లమ్ముకునే ఇళ్లున్న ఫోరస్ రోడ్డు చూపించారు. తలుపుల దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు, ముఖాలు మసక చేసి. ఆ ఇళ్లకూ మా చాల్‌కూ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ వెంటనే మా మెట్లు, మా వరండా, ఆ నీలం డ్రమ్ము, యూనిఫాం. పిల్ల పేరు చెప్పలేదు, ముఖం చూపించలేదు. చూపించే అవసరం లేదు. ఆ డ్రమ్ము చూసి ఆ ఇల్లెవరిదో మా గల్లీలో చంటిపిల్లలు కూడా చెప్తారు. యూనిఫాం చూస్తే బడి తెలుస్తుంది. ఆ తర్వాత మా అమ్మ. ముఖం మసక లేదు. "ఇందులో ఏముంది? నాకూ పదిహేనేండ్లకే బిడ్డ పుట్టింది." అంతే. అక్కడ కోసేశారు. కింద పెద్ద అక్షరాలతో, కామాటిపురలో ఇది మామూలే అని రాశారు.

దాని కింద జనాలు రాసినవి నా బిడ్డ నన్ను చదవనీయలేదు. తను చదివేసింది అప్పటికే. ఆ ఏరియా ఆడవాళ్లు అంతేనని, ముసలమ్మకు సిగ్గులేదని, ఆ పసిబిడ్డ కూడా రేపు అదే దారి పడుతుందని. పుట్టి వారం తిరగని బిడ్డ గురించి. మా తాతల తాతలు, ఆ కామాటి కూలీలు, రాళ్లు మోయడానికి వచ్చి ఈ గల్లీలకు తమ పేరు పెట్టిపోయారు. ఆ సంగతి ఈ ఊళ్లో ఎవరికీ పట్టదు. కామాటిపుర అనగానే అందరి కళ్లలో ఒకటే మెదులుతుంది. బడి ఫారంలో అడ్రసు రాసేటప్పుడు నేనే బొంబాయి సెంట్రల్ అని రాస్తాను.

ఆ రాత్రి భోజనాలు కాకముందే చాల్ పెద్దలు నలుగురు వచ్చారు. "నిన్నెవరు మాట్లాడమన్నరమ్మా? మన ఆడపిల్లలకు రేపు సంబంధాలు వస్తయా?" అన్నాడు ఒకాయన.

"నేనన్నది గది కాదన్నా. ఇంకా మస్తు చెప్పిన. అదంత తీసేసిన్రు," అంది అమ్మ.

"తీసేస్తరని తెల్వదా నీకు?"

అమ్మకు తెలియదు. మాకెవరికీ తెలియదు. మరునాడు ఆ ఛానెల్ నంబరు వెతికి నేను ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించి ఎవరో మగమనిషి ఎత్తాడు. అమ్మ చెప్పిందంతా చూపించమన్నాను, లేకపోతే మొత్తం తీసేయమన్నాను. "పూర్తిగా చూపించేంత టైమ్ ఉండదు మేడం," అన్నాడు. తర్వాత గొంతు మెత్తగా చేసి, ఆ పిల్ల ఇంటికి వస్తే మా అమ్మనూ పిల్లనూ పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించొచ్చా అని అడిగాడు. నేను ఫోన్ పెట్టేశాను.

పిల్ల ఇంటికి రాలేదు. పిల్లల సంక్షేమ కమిటీవాళ్లు తల్లినీ బిడ్డనూ ఆడపిల్లల హోంకు పంపారు. కొన్ని నెలలు అక్కడే ఉన్నారు. ఈలోపల వాళ్ల నాన్నను పనిలో తోటివాళ్లు టీవీ మామా అని పిలవడం మొదలుపెట్టారట. బడిలో పెద్ద టీచరు, పిల్లను మళ్లీ చేర్చుకోవడం కష్టమని, మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరని చెప్పి పంపింది. ఒక ఆదివారం వాళ్లు ఖోలీ ఖాళీ చేసి ధారావికి మారిపోయారు. సామాను దించడానికి నేనూ అమ్మా సాయం పట్టాం. చాల్‌లో ఇంకెవరూ బయటికి రాలేదు. పోయేముందు పిల్ల తల్లి మా అమ్మ చేతులు పట్టుకుంది. "నువ్వు మంచికే చెప్పినవత్తా. కాని..." అంది. మిగతా మాట మింగి టెంపో ఎక్కింది.

ఆనాటినుంచి అమ్మ వరండాలో కూర్చోవడం మానేసింది. పొద్దున్నే ఒక ఆఫీసు ఊడ్చే పనికి పోవడం, వచ్చి లోపల పడుకోవడం. నేను ఎంత చెప్పినా వినలేదు. ఒకరోజు నేను చీరకు ఫాల్ పెడుతుంటే, గోడవైపు తిరిగి పడుకున్న మనిషి తనంతట తానే మాట్లాడింది.

"నిన్ను ఎత్తుకోవాల్నంటె భయమయ్యేది నాకు. ఎక్కడ జారిపోతవో అని. కింద గల్లీల పోరిలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే పైనుంచి చూసుకుంట ఏడ్సేదాన్ని. నువ్వు ఏడుస్తుంటివి, నేను ఏడుస్తుంటి. పేడాలు తిన్నోళ్లు ఒక్కరన్న అడిగిన్రా, ఎట్లున్నవ్ పిల్లా అని?"

మిషన్ కాలి కింద ఆగిపోయింది. నలభై ఏళ్లుగా నాకు ఈ మాట చెప్పలేదు. నా పుట్టుక గురించి చెప్పినప్పుడల్లా పేడాల సంగతే చెప్పేది. నేను లేచి పోయి పక్కన కూర్చున్నాను. కాళ్లు ఒత్తాను. "పో, పని చూస్కో," అంది.

తర్వాత రెండేళ్లకు గానీ ధారావి పోలేదు. పిల్ల తల్లే ఫోన్ చేసి రమ్మంది. నేనూ అమ్మా బస్సెక్కి పోయాం. ఇరుకు సందు, కింద కుట్టుమిషన్ల కార్ఖానా, పక్కనే ఇనుప నిచ్చెనలాంటి మెట్లు, పైన ఒక గది. పిల్ల పొడుగైంది, చిక్కింది. కింది కార్ఖానాలోనే బట్టలకు దారాలు కత్తిరించే పని చేస్తున్నదట. పదో తరగతి ప్రైవేటుగా కడతానంది. ఆ పిల్లగాడు విడుదలై వచ్చాక వాళ్లవాళ్లు ఊరికి పంపేశారని, ఇప్పుడు హైదరాబాదులో ఎక్కడో సెంట్రింగు పని చేస్తున్నాడని చెప్పింది. ఏదో దూరపు చుట్టం సంగతి చెప్పినట్టు చెప్పింది.

పాప గది నిండా పరిగెత్తుతున్నది. ముద్దుగా ఉంది, తల్లి కళ్లే. పరిగెత్తి గడప తగిలి పడింది. పిల్ల చేతులు చాచింది. పాప ఆమెను దాటి అమ్మమ్మ దగ్గరికి పోయి "ఆయీ" అని ఒడిలో దూరింది. ఏడుపు తగ్గాక ఇటు తిరిగి, కన్నతల్లిని వేలు పెట్టి చూపిస్తూ "తాయీ" అంది. మరాఠీలో ఆయీ అంటే అమ్మ, తాయీ అంటే అక్క.

మేము చూశామని పిల్ల తల్లికి అర్థమైంది. గొంతు తగ్గించి చెప్పింది. "ఇక్కడ అందరికీ నా బిడ్డనే అని చెప్పినం అత్తా. ఏం చెయ్యాలె మరి? లేకపోతే ఈ ఇల్లు కూడా ఇడిసిపెట్టాల్సొస్తది."

అమ్మ చాయ్ తాగింది, పాప చేతిలో బిస్కెట్ పుడా పెట్టింది. బయలుదేరితే పిల్ల మమ్మల్ని కిందిదాకా దింపడానికి వచ్చింది. మెట్ల కింద కార్ఖానా మోతలో అమ్మ ఆమె చెంప పట్టుకుంది.

"ఎట్లున్నవ్ బిడ్డా?"

"బాగనే ఉన్న అవ్వా," అంది పిల్ల, తెలుగులో. "పెద్దగైనంక పాపకు నేనే చెప్త."

"అంతలోపల ఎవరన్న ఫోన్‌ల చూపిస్తే?"

ఆ పిల్ల కిందికి చూసింది. ఆ వీడియో ఇంకా ఉంది, నాకు తెలుసు, తనకీ తెలుసు. పైనుంచి పాప గొంతు వినబడింది, తాయీ, తాయీ అని. "ఆలే," వస్తున్నానని మరాఠీలో బదులు పలికి, మా వైపు చూడకుండా మెట్లెక్కిపోయింది.