మూడో గడి

మొన్న మధ్యాహ్నం మా కాలేజీ రికార్డు గదిలో పాత ఫైళ్లు వెతుకుతుంటే కరెంటు పోయింది. కిటికీలు లేని గది. చెమ్మ పట్టిన కాగితాల వాసన ముక్కుకు అంటుకుంటోంది, నా చెయ్యి నాకే కనపడలేదు. అటెండర్ విఠల్ ఫోను లైటు వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ వెలుతురు పైకప్పు మీద ఒక మూల పడి అక్కడే ఆగిపోయింది. నా వైపు రాలేదు, బీరువాల వైపు పోలేదు. మనిషి ముఖం మానేసి అతని చేతిలోని వెలుతురును చూసి భయపడే అలవాటు, శకుంతల మేడమ్ దగ్గర పనిచేసిన రోజుల్లో నాకు పట్టుకుంది.

మేడమ్ మా చంద్రపూర్‌లోనే మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. వాళ్లది రాజురా తాలూకాలో విరూర్ వైపు పల్లె, తరతరాలుగా అక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. చదువంతా మరాఠీలో సాగింది కాబట్టి తెలుగు గలగలా మాట్లాడేవారు గాని అక్షరం ముక్క చదవలేకపోయేవారు. తెలుగు ప్రశ్నలను కూడా మరాఠీ అక్షరాల్లోనే రాసుకునేవారు. మనిషి ఎదుటివాడి భయాన్ని ఎలా పసిగడతాడు అన్నది ఆమె పరిశోధన. దానికి బొగ్గుగని మనుషులను ఎంచుకున్నారు. నన్ను సహాయకురాలిగా పెట్టుకున్నప్పుడు మొదటి రోజే మొహమాటం లేకుండా చెప్పేశారు: "నీ మార్కులు సూసి కాదు. మీ బాపు బాయి దిగుతడని తీస్కున్న." నాకు ఒళ్లు మండింది. కాని ఆ మాట నిజమే, ఏం చేస్తాం!

మా బాపు మంచిర్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడి గనిలో, మేము బాయి అనేదాంట్లో, చేరినవాడు. మా క్వార్టర్లు పద్మాపూర్ దారిలో ఉండేవి. మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది, మా లైనులో అన్ని తెలుగు ఇళ్లలోనూ ఉండేది. షిఫ్ట్‌కు పోయే మనిషిని ఎక్కడికని అడగకూడదు, జాగ్రత్త అనకూడదు, భయం అన్న మాట నోట రాకూడదు. అమ్మ టిఫిన్ డబ్బా చేతికిచ్చి వెనక్కి చూడకుండా లోపలికి పోయేది. అంతే. ఇక ఎనిమిది గంటలు ఊపిరి బిగబట్టుకుని ఉండటమే మా పని. వేళ కాని వేళ గని సైరన్, ఆ భోంగా, కూసిందంటే లైను లైనంతా ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్లు. ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడుకునేవాళ్లు కాదు.

నేను మేడమ్ దగ్గర చేరిన ఏడాదే గనిలో కప్పు కూలింది. బాపుకు మోచేతి ఎముక విరిగింది, పక్కనే పనిచేస్తున్న మనిషి కాలు పోయింది. రెండు నెలలు బాపు ఇంట్లో ఉన్నాడు. చెయ్యి అతుక్కుంది. ఫలానా సోమవారం నుంచి మళ్లీ దిగాలని చీటీ వచ్చింది. బాపు ఆ చీటీని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎవరమూ ఏమీ అడగలేదు.

ఆ రోజుల్లోనే నేను ఇంటింటికీ తిరిగి మేడమ్ ఫారాలు నింపుతున్నాను. వయసు, ఊరు, ఎన్నేళ్ల సర్వీసు, అన్నీ అడిగేదాన్ని. పన్నెండో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయేది. పనికి పోయేటప్పుడు మీకు భయం ఉందా, ఉంది, లేదు. ఎదురుగా టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డ మనిషిని ఆ మాట ఎలా అడగను? అడిగిన రోజే ఏదన్నా జరిగితే ఆ పాపం ఎవరిది? అందుకని అడగకుండానే "లేదు" మీద టిక్కు పెట్టేసేదాన్ని. బాపు ఫారంలో కూడా అంతే.

మేడమ్ ఆ కట్టను ఒక్క సాయంత్రం తిరగేసి నన్ను పిలిచారు.

"గీ కట్టల ఒక్కడు గూడ భయపడ్తలేడు. మీ వాళ్ల గుండెలు ఇనుముతోటి చేసిండ్రా ఏంది?"

"వాళ్లు గట్లనే చెప్పిండ్రు మేడమ్."

"చెప్పిండ్రా? నువ్వు అడిగినవా?"

ఉన్నది చెప్పేశాను. "షిఫ్ట్‌కు పోయేటోళ్లను గట్ల అడగొద్దు మేడమ్. మా ఇంట్ల ఎన్నడు అడగం."

ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. మేడమ్ ఒక కొత్త ఫారం తీసి నా ముందుకు తోశారు. "మొదలు నన్ను అడుగు. అడిగినంక నోరు మూస్కొని లోపట్నే పది దాక లెక్కపెట్టు. నడుమల నువ్వు జవాబు అందియ్యకు." నేను అడిగాను, లెక్కపెట్టాను. అయిదు దగ్గర ఆమె అన్నారు: "ఉంది. నాకు చీకటంటే గిప్పటికీ దడ. లైటు బంద్ చేసి పండుకోను. రాయి." రాశాను. ఆ వయసు మనిషి, అంత చదువుకున్న మనిషి, అంత తేలిగ్గా ఎలా చెప్పగలిగిందా అని నోరు తెరుచుకుని చూశాను.

తర్వాతి వారం బాపు జోడీదారు మల్లయ్య కాకకు మేడమ్ ముఖాల ఫొటోలు చూపించారు. ఏ ముఖంలో భయం ఉందో చెప్పాలి. కాక ఫొటోలను అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టేశాడు.

"గీ ముఖాలల్ల నాకేం సమజ్ కాదు మేడమ్. బాయిల ముఖం ఎవడు సూస్తడు? ముఖం మీద లైటు కొడితే తిడ్తరు. మేం ఎదుటోని టోపీ లైటు సూస్తం."

"భయపడితే లైటు వణుకుతదా కాకా?" అన్నాను నేను, తెలివిగా.

"వణుకది బిడ్డా, నిలవడ్తది. సోయి ఉన్నోని లైటు తిరుగుతనే ఉంటది. కప్పు మీద, పక్కకు, కాళ్లకాడ, మళ్ల కప్పు మీద. భయం పట్టినోనిది ఒక్క జాగల ఆగిపోతది."

మేడమ్ ఫొటోలన్నీ సంచిలో వేసేశారు. నెల తిరక్కుండా గని శిక్షణ కేంద్రంలో ఒక పొడుగాటి గదికి నల్లబట్టలు కట్టించి చీకటి చేయించారు. ఒక్కొక్కరూ టోపీ లైటుతో ఆ చివర నుంచి ఈ చివరకు నడవాలి. మధ్యలో గని కప్పుకు ఊతమిచ్చే కర్ర విరిగిన చప్పుడు వినిపిస్తామని, ఇష్టం లేనివాళ్లు వెళ్లిపోవచ్చని ముందే చెప్పాం. తెర వెనక కూర్చున్నవాళ్లకు గోడ మీద వెలుతురు తప్ప మనిషి కనపడడు. మొట్టమొదట మేడమే నడిచారు. "గీనకు మస్తు భయమున్నది!" అన్నాడు తెర వెనక కాక. మేడమ్ చెమటలు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "నిజమే, రాస్కో" అన్నారు నాతో.

తొమ్మిదో నంబరు మా బాపు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. అది శనివారం, సోమవారం బాపు దిగాలి. వెలుతురు నాలుగడుగులు బాగానే కదిలింది. కర్ర విరిగిన చప్పుడు వినపడింది. వెలుతురు కప్పు మీదికి పోయి ఆగింది. ఇక కదలలేదు. మేకు కొట్టినట్టు అక్కడే ఉంది.

"గీనతోటి నన్ను దింపకుండ్రి," అన్నాడు మల్లయ్య కాక, ఆ నడిచేది తన జోడీదారే అని తెలియక. "కప్పు కూలితే గీన ఉరుకడు. నిలవడ్తడు. తనూ సస్తడు, నన్నూ సంపుతడు."

నేను మేడమ్‌ను పక్కకు లాగి, అది మా బాపేనని చెప్పి, చెయ్యి పట్టుకున్నాను. "బాపును దింపొద్దని ఆఫీసుల చెప్పుండ్రి మేడమ్, మీ కాళ్లు మొక్కుత."

"పేర్లు బయటికి పోవని మాటిచ్చినం. నేను చెప్ప, నువ్వూ చెప్పొద్దు. గాని అడగొచ్చు గద. అడిగేటందుకు ఎవ్వరి పర్మిషన్ అక్కర్లే."

సోమవారం తెల్లారింది. అమ్మ డబ్బా అందించింది. నేను వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"బాపూ, భయమైతుందా?"

"ఓసి నీ నోరు పడిపోను! పోయే మనిషిని..." అమ్మ చెయ్యెత్తింది. నేను కళ్లు మూసుకుని లెక్కపెట్టాను. ఏడు దగ్గర డబ్బా నేల మీద పెట్టిన చప్పుడైంది. కళ్లు తెరిస్తే బాపు గడప మీద కూర్చుని ఉన్నాడు.

"అయితుంది బిడ్డా. కండ్లు మూస్తే కప్పే కనవడ్తుంది. రెండు నెలల సంది ఒక్కరు గూడ అడగకపోతిరి."

అమ్మ ఎత్తిన చెయ్యి అట్లాగే దించి బాపు పక్కన కూలబడింది. ఆ రోజే బాపు తనంతట తాను గని డాక్టరు దగ్గరికి వెళ్లి ఈ మాటే చెప్పాడు. పైన లైట్లు ఇచ్చే గదిలో పని ఇచ్చారు. రిటైరయ్యేదాకా దిగేవాళ్లకు లైట్లు అందించాడు.

నా దొంగ ఫారాలను మేడమ్ చింపేస్తారనుకున్నాను. చింపలేదు. స్కేలు పెట్టి "ఉంది", "లేదు" పక్కన మూడో గడి గీశారు. దాని మీద మరాఠీ అక్షరాల్లో "అడగలేదు" అని రాసి, టిక్కులు నా చేత్తోనే పెట్టించారు. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత ఆ ఇళ్లన్నిటికీ మళ్లీ వెళ్లి అడిగి వచ్చాను. ఈరోజుకూ నేను తయారుచేసే ప్రతి ఫారంలో ఆ గడి ఉంటుంది.

రెండేళ్ల కింద మేడమ్ నాగపూర్‌లో ఆస్పత్రిలో ఉన్నారని తెలిసి చూడటానికి పోయాను. మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. చూపు పైకప్పు మీద ఒక్క చోట నిలబడి ఉంది. ఆమెకు భయం పట్టిందని చూడగానే నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా, "తగ్గిపోతది మేడమ్, వచ్చే నెల కాలేజీకి వస్తరు" అన్నాను. ఆమె నా వైపు తిరిగి చూశారు. పెదవులు సన్నగా కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నారేమో అనుకుని, దండం పెట్టి వచ్చేశాను. బస్సు భద్రావతి దాటాక తట్టింది నాకు. మేడమ్ లెక్కపెడుతున్నారు, నేను అడుగుతానేమోనని. మర్నాడు తెల్లవారగానే ఫోన్ చేశాను, అప్పటికే అయిపోయింది. ఆస్పత్రిలో ఆమెకూ ఒక ఫారం ఉండి ఉంటే, ఆ ప్రశ్నకు ఎదురుగా మూడో గడిలో టిక్కు నాదే.

అందుకే మొన్న రికార్డు గదిలో ఫైలు కింద పెట్టి విఠల్‌ను భయమైతుందా అని అడిగాను. "ఏం లేదు మేడమ్," అన్నాడు. నేను లోపలే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆరు దాకా వచ్చేసరికి వెలుతురు కప్పు మీంచి మెల్లగా దిగి నా కాళ్ల దగ్గర పడింది.