మా టీముకి కండ్లకలక వచ్చిన సీజను

మొన్నటి మహమ్మారి కాలంలో అమెరికా బేస్‌బాల్ జట్ల అవస్థల గురించి పేపర్లో చదివాను. సగం జట్టు గదుల్లో బందీ అయిపోవడం, మ్యాచ్‌లు వాయిదా పడటం, ఎవరూ పేరు వినని వాళ్లను తెచ్చి మైదానంలో నిలబెట్టడం, ఇదంతా లోకానికి కొత్తగా తోచిందేమో గానీ, నాకు మాత్రం చాలాకాలానికి పాత చుట్టం కనబడ్డట్టనిపించింది. ఎందుకంటే అంతకు ఇరవయ్యేళ్ల ముందే మా క్రికెట్ టీము ఆ భాగవతమంతా అనుభవించేసింది. వాళ్ల జట్లకు జబ్బు ఎలా పాకిందో కనిపెట్టడానికి పెద్ద పెద్ద డాక్టర్లు కావాల్సి వచ్చింది. మా టీముకి ఆ శ్రమ లేదు. పాకించింది నేనే.

నాకు అప్పుడు ఇరవై మూడేళ్లు. కాకినాడ నుంచి హైదరాబాద్ వచ్చి, మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ విభాగంలో చేరాను. ఆ రోజుల్లో మాదాపూర్‌లో కంప్యూటర్ల కంటే బండరాళ్లే ఎక్కువ ఉండేవి. రెండు వేల సంవత్సరం వచ్చేలోపు పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలన్నిటినీ నాలుగంకెలు చేయడం మా పని. (అలా చేయకపోతే ప్రపంచం ఆగిపోతుందన్నారు. ఆగలేదు కాబట్టి ఆ ఘనతలో నా వాటా కూడా ఉందనే ఇప్పటికీ అనుకుంటుంటాను.) మా ఆఫీసు రేకుల కప్పు కింద ఉండేది. అందుకని ఎదురుగా అద్దాల మేడలో ఉన్న పెద్ద కంపెనీ వాళ్లు మమ్మల్ని ‘షెడ్డు వాళ్లు’ అనేవారు. ఏటా కంపెనీల మధ్య క్రికెట్ లీగ్ జరిగేది. అంతకు ముందు మూడేళ్లూ షెడ్డు వాళ్లు మొదటి రౌండులోనే ఇంటికెళ్లారు. ఆ మూడేళ్లూ బోరబండ నుంచి స్కూటరు మీద బ్యాట్లు, ప్యాడ్లు మోసుకొచ్చి, పదకొండు మందిని బతిమాలి నిలబెట్టినవాడు మా కెప్టెన్. హార్డ్‌వేర్ విభాగం మనిషి. అందరికీ ‘అన్న’. ఆ ఏడు ఏ దేవుడు కరుణించాడో మేం సెమీఫైనల్‌కి వచ్చాం. ఎదుటి టీము అద్దాల మేడే.

నాకు ఆట రాదు. అందుకని నన్ను స్కోరరుగా, మేనేజరుగా పెట్టుకున్నారు. అప్పుడే మా కంపెనీ క్వాలిటీ సర్టిఫికెట్ కోసం తంటాలు పడుతోంది. మంచినీళ్లు తాగినా రికార్డు ఉండాలన్న ఊపులో ఉన్నాం అందరం. నేనైతే మరీను. టీములో ఎవరి బూట్లు ఎవరు తొడుక్కున్నదీ రాసి పెట్టేవాణ్ని. అన్న నన్ను ముద్దుగా ‘రిజిస్టర్ తమ్మి’ అనేవాడు. నేను దాన్ని బిరుదుగానే తీసుకున్నాను.

వానలు తగ్గుముఖం పట్టాక ఊరి మీద కండ్లకలక పడింది. ఒక సోమవారం మా ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ ఎర్రటి కళ్లు నలుపుకుంటూ వచ్చాడు. లీగ్‌లో అప్పటికే ఒక టీము మనుషుల్లేక తప్పుకుంది, ఇంకొకటి తొమ్మిది మందితో ఆడి చిత్తుగా ఓడింది. లీగ్ పెద్దలు కూర్చుని ఒక రూలు పెట్టారు. పదకొండు మందీ కంపెనీ హాజరుపట్టీలో ఉన్నవాళ్లే అయుండాలి, టాస్‌కి ముందు అంపైరు అందరి కళ్లూ చూస్తాడు, ఎర్రగా ఉన్నవాడు బౌండరీ గీత దాటి లోపలికి రాకూడదు, పదకొండు మంది లేకపోతే మ్యాచ్ ఎదుటివాళ్లదే. ఇది విన్నాక నాలోని మేనేజరు మేల్కొన్నాడు.

కండ్లకలక వచ్చినవాడి కళ్లలోకి చూస్తే మనకీ వస్తుందని మా ఇంట్లో అమ్మమ్మ నుంచి అందరూ చెప్పేవారు. మీ ఇంట్లోనూ చెప్పే ఉంటారు. ఆ శాస్త్రాన్ని నమ్ముకుని నేను అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద మూడు జతల నల్లకళ్లద్దాలు కొన్నాను. కళ్లు ఎర్రబడ్డవాడు ఆఫీసులో ఉన్నంతసేపూ అవి పెట్టుకోవాలి, ఇంటికెళ్లేటప్పుడు తిరిగి ఇవ్వాలి, మర్నాడు నేను వాటిని ఇంకొకడికి ఇస్తాను. అనుమానంగా ఉన్నవాడు కూడా ముందుజాగ్రత్తగా ఒక పూట పెట్టుకోవచ్చు. దీనికంతటికీ ఒక రిజిస్టరు: పేరు, తీసుకున్న టైము, ఇచ్చిన టైము, సంతకం. తిరిగొచ్చిన ప్రతి జతనీ నా జేబురుమాలుతో శుభ్రంగా తుడిచేవాణ్ని. (మూడింటికీ ఒకటే రుమాలు. దాన్ని ఆదివారం ఉతికేవాణ్ని.) మేమంతా నల్లకళ్లద్దాలతో క్యాంటీన్‌లో కూర్చుంటే చూడముచ్చటగా ఉండేది. పద్ధతి ఇంత పకడ్బందీగా ఉన్నా జబ్బు ఎందుకు ఆగట్లేదో నాకు బోధపడలేదు. పది రోజుల్లో పద్నాలుగు మందిలో ఎనిమిది మంది పడ్డారు. నాకు మాత్రం రాలేదు. నాకున్న సోడాబుడ్డి కళ్లద్దాల మీద ఇంకో జత పట్టేది కాదు, అందుకని నేను వాటిని ఎప్పుడూ పెట్టుకోలేదు.

సెమీఫైనల్‌కి రెండు రోజుల ముందు అన్నకీ వచ్చింది. కళ్లు తెరవలేకపోతుంటే ఆయన స్కూటరు మీదే వెనక కూర్చోబెట్టుకుని బోరబండలో దవాఖానకి తీసుకెళ్లాను. డాక్టరమ్మ కళ్లు చూసి, ఆఫీసులో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. నాకు ఇంతకంటే కావలసిందేముంది? సంచిలోంచి రిజిస్టరు తీసి ముందు పెట్టాను. ఆవిడ పేర్ల మీద వేలు జరుపుకుంటూ రెండు పేజీలూ చదివింది. చదవడం అయ్యాక రిజిస్టరు మూసి నా చేతికిచ్చింది.

“చూస్తే రాదు బాబూ ఇది, ముట్టుకుంటే వస్తుంది. ఒకరి కళ్లద్దాలు ఒకరు పెట్టుకున్నారు, అదే వరసలో ఒకరి తరవాత ఒకరికి వచ్చింది. జబ్బు తీసుకుంటూ సంతకం కూడా పెట్టినవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను.”

అన్న అంతా విన్నాడు. తిరిగి వస్తుంటే స్కూటరు వెనక కళ్లు మూసుకుని కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. మూడేళ్లు ఆ మనిషి పడ్డ కష్టాన్ని నేను మూడు జతల కళ్లద్దాలతో తుడిచిపెట్టాను కదా అని ఏడుపొచ్చింది. ఆఫీసు గేటు దగ్గర దిగి, టీము మానేస్తానని చెప్పాను. అన్న తడికళ్లు తుడుచుకుంటూ (తన సొంత రుమాలుతోనే) అన్నాడు:

“నువ్వు మానేస్తే ఎవరు ఆడుతరు? మ్యాచ్ ఓడితే ఓడినం, ఫికర్ లేదు. కానీ ఆడకుండ ఓడద్దు తమ్మి. గిట్ల వాకోవర్ ఇస్తే జిందగీ మొత్తం యాదుంటది. పదకొండు మందిని నిలబెట్టు.”

మొదట పడ్డవాళ్ల కళ్లకి కూడా ఇంకా ఎరుపు తగ్గలేదు. అన్నతో కలిపి తొమ్మిది మంది పోగా మిగిలింది ఐదుగురు. నాతో ఆరు. ఇంకో ఐదుగురు కావాలి. రెండు రోజులు హాజరుపట్టీ పట్టుకుని తిరిగాను. కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్లు వస్తామన్నారు. క్యాంటీన్ మాస్టరు, పప్పు పొద్దున్నే చేసేసి వస్తానన్నాడు. ఆఫీసు బస్సు నడిపే మామ, ఎట్లాగూ మిమ్మల్ని తోలుకపోయేది నేనే కద అన్నాడు. పదకొండోవాడి కోసం చివరికి మా ప్రాజెక్ట్ మేనేజర్ సార్ క్యాబిన్ తలుపు తట్టాను. కోపిష్టి అని ఎవరూ ఆయన ఛాయలకు పోయేవారు కాదు, అందుకే ఆయనకి జబ్బు అంటుకునే అవకాశమే రాలేదు. నేను చెప్పిందంతా విని, టై వదులు చేసుకుంటూ, “ఎన్నింటికయ్యా?” అన్నారు. ఆ టీములోకి ఆయన్ని అంతవరకూ ఎవరూ పిలవలేదని అప్పుడర్థమైంది.

ఆదివారం బస్సులో అందరి ముందూ లేచి నిలబడి, ఈ జబ్బంతా నావల్లే పాకిందని చెప్పేశాను. స్టీరింగ్ దగ్గర్నుంచి మామ, “పోనీ లే సారూ, నీ పుణ్యాన నాకు చాన్స్ దొరికింది” అన్నాడు. బస్సంతా నవ్వింది. కొండాపూర్ దాటాక బండల మధ్య చదును చేసిన మైదానం. అంపైరు ఒకప్పటి డ్రిల్లు మాస్టారు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి కింది రెప్పా లాగి చూశారు, చూసిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కుని మరీ. పదకొండు మందిమీ పాసయ్యాం. అన్న గీత బయట ఒక బండ మీద కూర్చున్నాడు. ఎండకి కళ్లు తెరవలేడు. నేను నాలుగడుగుల దూరంలో కూర్చుని, బంతి బంతికీ ఏం జరుగుతోందో చెప్పే పని పెట్టుకున్నాను.

అద్దాల మేడ మొదట బ్యాటింగ్ చేసింది. (అప్పుడు నేను బౌండరీ దగ్గర నిలబడి, నా పక్క నుంచి బంతి వెళ్లిపోయిన సంగతి కూడా దాచకుండా చెప్పాను.) తరవాత మావాళ్లు ఆడారు. మాస్టరు గరిటె తిప్పినట్టు తిప్పి రెండు ఫోర్లు కొట్టాడు. మామ అడ్డంగా నిలబడి పాతుకుపోయాడు. సార్ అయితే ఎవరి మీదో కోపం తీర్చుకుంటున్నట్టే ఆడారు. అవతలివాళ్ల నవ్వులు ఎప్పుడాగాయో గమనించలేదు గానీ, ఆఖరి ఓవర్‌కి ఎనిమిది పరుగులు కావాల్సి వచ్చేసరికి మైదానంలో చప్పుడు లేదు. అప్పుడే తొమ్మిదో వికెట్ పడింది. నేను లేచాను. అన్న తల తిప్పి అడిగాడు.

“నువ్వు పోతే నాకెవరు చెప్తరు? చెప్పుకుంటనే ఆడు.”

అలా క్రికెట్ చరిత్రలో తన ఆటకి తానే వ్యాఖ్యానం చెప్పుకున్న బ్యాట్స్‌మన్‌ని నేనే అయ్యుంటాను. మొదటి బంతికి కళ్లు మూసుకుని ఊపాను. “తగల్లేదన్నా” అని అరిచాను. రెండోది బ్యాటు అంచుకి తగిలి స్లిప్ పక్క నుంచి గీత దాటింది. “నాలుగన్నా” అనేటప్పటికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అవతలి కీపరు నాకు పిచ్చేమోనన్నట్టు చూశాడు. మూడో బంతికి ఒకటి. నాలుగో బంతికి, అవతలి వైపు ఇంకా ఔటవకుండా ఉన్న సార్ ఒకటి తీశారు. ఇక రెండు పరుగులు, రెండు బంతులు. ఐదో బంతి ఎటు నుంచి వచ్చిందో తెలియదు, వెనక వికెట్లు పడ్డ చప్పుడు మాత్రం విన్నాను. అద్దాల మేడ వాళ్లు గెంతుతున్నారు. అన్న బండ మీద నుంచి లేచి నిలబడి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగాడు.

“ఏమైంది తమ్మి?”

ఆ మాట నేనే చెప్పాలి. ఎలా చెప్పానో ఇప్పటికీ నాకే ఆశ్చర్యం.

“బౌల్డయ్యానన్నా. ఒక్క పరుగుతో ఓడిపోయాం.”

“ఎంతమంది ఆడినం?”

“పదకొండు మందిమీ ఆడామన్నా.”

“ఇగ చాలు” అన్నాడు అన్న. గీత దాటి లోపలికి రాకూడదు కాబట్టి మేమే ఆయన దగ్గరకి నడిచాం. సార్ ముందు, మామ, మాస్టరు వెనక. చేతులు కలపకూడదు, అందుకని గీతకి ఇవతల వరసగా నిలబడ్డాం. ఆయన అవతల నిలబడి ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలిచి చప్పట్లు కొట్టాడు. కళ్లలో నీళ్లు జబ్బువేనని అందరం నమ్మాం. నా ఛాతీ అంత పొంగడం మళ్లీ ఉద్యోగంలో ప్రమోషన్లు వచ్చినప్పుడు కూడా ఎరగను.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. నా జీవితం మొత్తం మీద ఆడిన మ్యాచ్ అదొక్కటే, చేసినవి ఐదు పరుగులు. మా అమ్మాయి ఆ లెక్క విని నవ్వుతుంది, నవ్వనీ. సోడాబుడ్డి కళ్లద్దాలతో, వదులు ప్యాడ్లతో ఆ ఎండలో నిలబడ్డ కుర్రాడు గుర్తొస్తే నాకూ నవ్వొస్తుంది. కానీ ఆ ఐదు పరుగులూ చేసింది వాడే, అరిచి చెప్పింది వాడే. ఔటయ్యానని చెప్పింది కూడా వాడే.