నాదే గారు

“ఆ తప్పు నాదమ్మా. నువ్వు ముట్టుకోకు.”

నేను ఉద్యోగంలో చేరి అప్పటికి పదకొండు నిమిషాలైంది. బిస్కెట్లు కాల్చే హాల్లోకి చేతిగడియారంతో అడుగుపెట్టాను. పెట్టకూడదు. చేతికి, మెడకు, చెవులకు ఏమీ ఉండరాదని తలుపు మీద నా అరచేతంత అక్షరాలతో రాసి ఉంది. కాపలాదారు నన్ను ఆపి పేరు రాసుకోబోతుంటే వెనకనుంచి ఒకాయన వచ్చి ఆ మాట అన్నారు. తెల్లకోటు, తలకు వల, మీసానికి విడిగా ఇంకో వల.

“గడియారం ఆమె చేతికుంటే తప్పు మీదెలా అవుతుంది సార్?” అన్నాడు కాపలాదారు.

“తలుపు మీద రాయించింది నేను. కనపడేలా రాయించలేదు. నా పేరు రాసుకో.”

కాపలాదారు రాసుకున్నాడు. ఆ పేజీలో పై నుంచి కింద దాకా అదే పేరు.

ఆయన మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి. అసలు పేరు రిజిస్టర్లలో ఉండేది. మనుషుల నోళ్లలో మాత్రం ‘నాదే గారు’. కొందరికి తిండి మీద ఆశ, కొందరికి పదవి మీద ఆశ. ఈయనకు తప్పుల మీద ఆశ. ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనదేనంటారు. కాదని ఎవరైనా అడ్డొస్తే ఆస్తి తగాదాకు దిగినట్టు దిగుతారు.

పొయ్యి దగ్గర మనిషి ఓ మధ్యాహ్నం కునుకు తీస్తే ఒక వాయి బిస్కెట్లు బొగ్గులయ్యాయి. “వాణ్ని అనకండి. అక్కడ కుర్చీ వేయించింది నేను. కుర్చీ కనపడితే నిద్ర రాక ఏమొస్తుంది?” అన్నారు. ప్యాకెట్ల మీద తేదీ తప్పు పడిందని ఇద్దరు ప్యాకింగు ఆడవాళ్లు నువ్వంటే నువ్వని జుట్లు పట్టుకునే దాకా వస్తే, ఆయన మధ్యలో నిలబడి ఎంతో నొచ్చుకున్నారు. “నా తప్పు కోసం మీరిద్దరూ కొట్టుకోవడమేంటమ్మా?”

కరెంటు పోయిన రోజు సంగతి మా ఫ్యాక్టరీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

“ఇది కూడా మీదేనా సార్?” అని ఎలక్ట్రీషియన్ ఎగతాళి చేశాడు.

“రెండో మిషను కూడా నడపమన్నాను కదయ్యా. లోడెక్కువై ఉంటుంది.”

“ఊరంతా పోయింది సార్.”

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి ఊరి వైపు చాలాసేపు చూశారు. “అంత ఎక్కువైందా?” అన్నారు దిగులుగా.

ఓసారి ఆయన భార్య టిఫిన్ డబ్బా ఇవ్వడానికి గేటు దాకా వచ్చారు. నేనే వెళ్లి అందుకున్నాను. “ఇంట్లోనూ ఇంతేనా అత్తయ్యగారూ?” అని అడిగాను.

“పాలు పొంగినా ఆయనే, గిన్నె మాడినా ఆయనే. ముప్ఫై ఏళ్లుగా ఒక్కసారైనా కడుపునిండా పోట్లాడదామని చూస్తున్నానమ్మా. సందివ్వడు” అన్నారావిడ. ఆ గొంతులో నిజమైన బాధ ఉంది.

ఆ ఏడాది కాలేజీ నుంచి నేరుగా వచ్చి ట్రైనీలుగా చేరిన ఆరుగురిలో నేనొకదాన్ని. మిగతా ఐదుగురూ ఆయన వెనక నవ్వుకునేవాళ్లు. నేను నవ్వుతూనే చూస్తూండేదాన్ని. ఈ మనిషికి ఇందులో ఏం దొరుకుతుంది? బిస్కెట్ల పెళుసు లెక్క గట్టడం చదువుకున్నాను గానీ ఈ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

ఆరో నెల నిండితే ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం వస్తుంది. లేదంటే ఇంటికే. మా నాన్న అప్పటికే ‘ట్రైనీ’ అనే మాట మింగేసి, మా అమ్మాయి పెద్ద కంపెనీలో ఆఫీసరని చుట్టాలందరికీ చెప్పేశాడు. ఆ కాగితం రాకపోతే నా ఒక్కదాని పరువుతో పోయేది కాదు.

ఐదో నెల చివర్లో ఆ పని చేశాను.

పొద్దున వేరుశనగ బిస్కెట్లు నడిచిన మిషను మీదే మధ్యాహ్నం మామూలు బిస్కెట్లు నడవాలి. మధ్యలో అంతా కడుగుతారు. కడిగాక నాలుగు చోట్ల దూదిపుల్లతో తుడిచి మందు చుక్క వేసి చూడాలి. గులాబీ రంగు తిరిగితే వేరుశనగ ఇంకా ఉన్నట్టు. అది పడనివాళ్లకు ఒక్క పలుకు చాలు, గొంతు వాచి ఊపిరాడదు. వేరుశనగ లేదని ప్యాకెట్టు మీద రాసిన మాట నమ్మే అలాంటివాళ్లు కొనుక్కుంటారు. మూడు చోట్ల తుడిచాను. నాలుగోది బెల్టు కింద, బోర్లా పడుకుంటే గానీ చెయ్యి అందదు. మిషను తిప్పండని పైనుంచి ఒకటే తొందర. తనిఖీ పట్టీలో నాలుగో గడిలో కూడా ‘బాగుంది’ అని రాసి సంతకం పెట్టాను.

మూడు గంటలు ఓర్చుకున్నాను. లారీకి సరుకు ఎక్కించడం మొదలయ్యాక ఓర్చుకోలేకపోయాను. నిజం దాచడమెందుకు, ఆయన ఎలాగూ నాదే అంటారన్న ధైర్యంతోనే వెళ్లాను.

చెప్పాను. ఆయన ఫోనెత్తి లారీని ఆపించారు, మిషను ఆపించారు. ఒక దూదిపుల్ల నా చేతికిచ్చారు. అందరూ చూస్తుండగా బెల్టు కింద బోర్లా పడుకుని తుడిచాను. చుక్క వేశాను. గులాబీ రంగు నెమ్మదిగా వచ్చింది.

మేనేజరు గారు దిగివచ్చారు. మిషను ఆగితే రాసే రిజిస్టరు తెరిచి కలం తీశారు. “ఎవరి వల్ల?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆయన పేరు రాయబోయారు.

“నాది కాదు” అన్నారు నాదే గారు.

పొయ్యి దగ్గర మనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“ఈ అమ్మాయిది. తుడవకుండా తుడిచానని రాసింది. ఎవరూ అడగకుండా తనే వచ్చి చెప్పిందీ ఈ అమ్మాయే. రెండూ రాయండి. ఒకటి రాసి ఇంకోటి వదిలేస్తే ఊరుకోను.”

మేనేజరు గారు రెండూ రాశారు. నాకు కాగితం ఇంకో మూడు నెలలు వెనక్కి జరిగింది. ఇంటికి మాత్రం పంపలేదు. ఆ సరుకంతా చెత్తకు పోయింది.

సాయంత్రం అద్దాల గదిలో ఆయన ఎదురుగా కూర్చున్నాను. కోపమో ఏడుపో నాకే తెలియలేదు.

“అందరివీ తీసుకుంటారు కదా సార్. నాదే ఎందుకు వదిలేశారు?”

ఆయన మీసం వల తీసి మడత పెట్టారు. “నట్టు ఊడి పిండిలో పడిందనుకో. మిషను నడిపేవాడు వచ్చి నాతో చెప్పాలి కదా. చెబితే ఉద్యోగం పోతుందని నోరు మూసుకుని ఇంటికి పోతే, అది ఎవరి నోట్లో తేలుతుంది? అందుకని ముందే నాదే అనేస్తాను. ఇక దాచుకోవడానికి వాడి దగ్గర ఏం మిగలదు. ఎప్పుడు ఊడిందో, ఎటు పడిందో తీరిగ్గా చెబుతాడు.”

“మరి నేను?”

“నేను అడక్కముందే వచ్చి చెప్పేశావు. ఆ తప్పు నేను తీసేసుకుంటే నువ్వు చెప్పిన సంగతి కూడా నా పేరు కిందికే పోతుంది. అంత దురాశ లేదమ్మా నాకు.”

“మూడు నెలలు పోయాయి సార్.”

“పోయాయి” అన్నారు. “అది కుదరదని మేనేజరు గారితో గంట వాదించాను. ఓడిపోయాను. ఆ ఓడిపోవడం మాత్రం నాదే.”

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. అద్దంలోంచి బయటికి చూస్తున్నారు. పిండి జల్లించే చోట, ఇరవై ఏళ్లుగా ఆ పని చేస్తున్న పెద్దాయన వంగి నిలబడి ఉన్నాడు.

“అదే బస్తా మూడోసారి జల్లిస్తున్నాడు, చూశావా?” అన్నారు మెల్లగా. “పిండిలో ఏదో పడిపోయింది. నేను వెళ్తే ఇన్‌ఛార్జిని కదా, నడుమెత్తి దణ్ణం పెట్టి ఏమీ లేదంటాడు. ఇవాళ బెల్టు కింద బోర్లా పడుకున్నదానివి నువ్వే. వెళ్లి పక్కన నిలబడు. ఏం పడిందని అడగకు, జల్లెడకు ఓ చెయ్యి వెయ్యి, అంతే. నీకైతే తనే చెబుతాడు. త్వరగా వెళ్లమ్మా, ఆ పిండి కలిపేలోపు.”