సతీదేవి మెట్టె రాలిన గుట్ట

నేను రాళ్లు చెక్కి బతికేవాణ్ణి. ఆళ్లగడ్డలో మాకు చిన్న షెడ్డు ఉంది. రేపు గుడిలో కూర్చోబోయే అమ్మవారైనా సరే, ఇవాళ్టి దాకా ఆ రాతి మీద కాలు ఆనించి ఉలి పట్టుకునే పని మాది. అందుకేనేమో, ఎవరైనా మహిమలనీ దెయ్యాలనీ చెప్తే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు కూడా దెయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. ఒక ముసలామె చెప్పిన కథ విన్నాను, అంతే. విన్నది పట్టపగలు, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు. పక్కన మా నాయన కూడా ఉన్నాడు.

ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి పోయే దారిలో రోడ్డు దిగి లోపలికి పోతే ఒక గుట్ట వస్తుంది. దాని మీద చిన్న గుడి. గుట్టమ్మ అంటారు. పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఆ పేరు ఎక్కడా ఉండదు. సతీదేవి మెడ శ్రీశైలంలో పడిందని మా వైపు చిన్న పిల్లలు కూడా చెప్తారు. ఆ ఊరివాళ్లు మాత్రం, శివుడు ఆమె శవాన్ని మోసుకుని పోతుంటే కాలి మెట్టె ఈ గుట్ట మీద రాలిందంటారు. గుడిలో విగ్రహం లేదు. గుండ్రంగా గుంట పడిన బండ ఒకటుంది. పసుపు కుంకుమలు దానికే.

పోయినేడు గుడికి కొత్తగా మండపం కట్టారు. నల్లరాతి పలక మీద స్థలపురాణం చెక్కించాలని గుడి పెద్దలు మా దగ్గరకొచ్చారు. కథ రాసి ఉందా అని అడిగితే లేదన్నారు. ఓబులమ్మవ్వను అడిగి రాసుకోమన్నారు. ఓబులమ్మవ్వ అంటే ఆ గుడి ఊడ్చి దీపం పెట్టే మనిషి. ఎనభై ఏళ్లు ఉంటాయి. చదువు రాదు.

అక్కడికి పోయే ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

నాకొక అక్క ఉండేది, సరోజ. నంద్యాలలో ఒక స్కూల్లో పాఠాలు చెప్తూ, అక్కడి టీచరు ఒకాయన్ని పెళ్లి చేసుకుంది. ఆయన క్రైస్తవుడు. ఇద్దరూ నందికొట్కూరులో కాపురం పెట్టారు. ఆ తర్వాత నాయన ఇంట్లో అక్క పేరెత్తనివ్వలేదు.

పదిహేనేళ్ల కిందట నంద్యాలలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశాం. అక్కను పిలవలేదు. అయినా మూడేళ్ల కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. రెండో బంతిలో కూర్చుంది. ఆకులో అన్నం పడింది. నాయన వచ్చాడు. ఒక్క మాట అనలేదు. వంగి, తిన్నవాళ్లు మడిచినట్టు ఆమె ముందున్న ఆకు మడిచాడు. బంతిలో అందరూ చూశారు. అక్క పాపను ఎత్తుకుని లేచి బయటికి వెళ్లింది.

మరుసటి ఏడు అక్కకు కామెర్లు వచ్చాయి. కర్నూలు ఆసుపత్రిలో పోయింది. నాయన పోలేదు. నేను పోయేసరికి అంతా అయిపోయింది.

సరే, గుట్ట సంగతి. నేను నోటుబుక్కు పట్టుకుని మండపం మెట్ల మీద కూర్చున్నాను. నాయనకు చేతులు వణుకుతాయి, ఉలి పట్టడం మానేశాడు. అయినా పలక ఎక్కడ నిలబెట్టాలో చూస్తానని వెంట వచ్చాడు. ఓబులమ్మవ్వ చాటలో వేరుశనగ కాయలు ఒలుచుకుంటూ చెప్తోంది. దక్షుడు యజ్ఞం పెట్టడం, అల్లుడంటే కిట్టక బిడ్డను పిలవకపోవడం, పుట్టింటికి పిలుపెందుకని బిడ్డే బయలుదేరడం. అంతవరకూ అందరికీ తెలిసిన కథే. నేను రాసుకుంటున్నాను.

"బంతిలో కూచునింది," అంది అవ్వ. "నాయన వచ్చినాడు. నోరు తెరిచి ఒక్క మాట అన్లా. వంగి ఆ బిడ్డ ముందర ఆకు మడిచినాడు. అన్నం ఇంకా ఆవిర్లు పోతాంది."

నా పెన్ను ఆగింది. స్తంభం నునుపు చూస్తున్న నాయన చెయ్యి కూడా ఆగింది.

ఎవరో చెప్పి ఉంటారనుకున్నాను. ఆ రోజు చూసినవాళ్లు చాలామంది. నంద్యాల ఎంతో దూరం కాదు.

"హోమంలో దూకింది గదమ్మా?" అన్నాడు నాయన.

"అది తర్వాత ఆచారీ. ముందు బయటికొచ్చింది. తమ్ముడు వీధి చివరి దాకా ఎంటబడి వచ్చినాడు. వానితో చెప్పింది, 'నాయన మడమలు పగిలి నెత్తురు కారతాంది. పండుకునేటప్పుడు ఆముదం రాయి. నేను చెప్పినానని మాత్రం చెప్పొద్దు' అని."

ఆ తర్వాత అదే గొంతుతో హోమం, శివుడి దుఃఖం, విష్ణువు చక్రం, తెగిపడిన అవయవాలు, మెట్టె అన్నీ చెప్పుకుంటూ పోయింది. నాకు సగం వినపడలేదు.

ఇక్కడ ఒక విషయం. ఆ రోజు అక్క వెనకాల వీధి చివరి దాకా పరిగెత్తింది నేనే. ఆమె నాతో చెప్పినవి అవే మాటలు. నాయన ఏళ్ల తరబడి చెప్పుల్లేకుండా నీళ్లలో, రాతిపొడిలో నిలబడి పనిచేసిన మనిషి. ఆ రాత్రి నుంచి నేనే ఆయన మడమలకు ఆముదం రాస్తున్నాను. ఎవరు చెప్పారన్నది నాయనకు చెప్పలేదు. నా భార్యకూ చెప్పలేదు. చెప్పొద్దని అక్క అడిగింది, చెప్పలేదు, అంతే.

గుట్ట దిగి వచ్చాం. ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు కోసం నిలబడ్డాం. "ఆముదం రాయమని నీకెవరు చెప్పినారు?" అన్నాడు నాయన.

"అక్క."

ఆయన తలూపాడు. మా బస్సు వచ్చింది, ఎక్కలేదు. దాని తర్వాతది కూడా ఎక్కలేదు.

వారం తర్వాత, రాసింది చదివి వినిపించడానికి నేనొక్కణ్ణే గుట్టకు పోయాను. ఆకు దగ్గర మొహం చిట్లించిన ఓబులమ్మవ్వ, తమ్ముడి మాట రాగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"అది నేను చెప్పలేదే. సతీదేవికి తమ్ముడు యాడుండాడప్పా?"

"ఆకు మడిచింది నువ్వే చెప్పినావు గదవ్వా."

"శివుణ్ణి తిట్టినాడు దక్షుడు. ఆకు గీకు మా అమ్మ నాకు చెప్పలా, నేను నీకు చెప్పలా." అబద్ధమాడే మనిషిలా లేదు. నా మొహం చూసి మెల్లగా అడిగింది. "ఆ పిల్ల ఎవురప్పా? బాగుండాదా?"

నేను నోటుబుక్కు మూసేశాను.

నా మనసులో ఉన్నదే నాకు వినపడిందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ నాయన కూడా విన్నాడు. నేను విన్నదే, మాటకు మాట. అక్క నాతో అన్న మాటల సంగతే ఆయనకు అంతకుముందు తెలియదు మరి.

ఆ నెలలోనే నాయన నందికొట్కూరు పోదామన్నాడు. పోయాం. బావ తలుపు తీశాడు. కుర్చీలు వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు. అక్క కూతురు ఇప్పుడు కాలేజీ చదువుతోంది. లోపలి గదిలో ఉంది, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది.

"పాపను ఒకసారి చూసిపోతాం సారూ," అన్నాడు నాయన.

బావ లోపలికి పోయి వచ్చాడు. "రానంటాంది. నేను బలవంతం చెయ్యలేను."

"వద్దులే సారూ. పిలవకుండా వచ్చింది మేము," అని నాయన లేచాడు. గ్లాసులో నీళ్లు అట్లాగే ఉన్నాయి.

పలక మీద చివరికి అందరికీ తెలిసిన కథే చెక్కాను. నేను మళ్లీ గుట్ట ఎక్కలేదు. నాయన మాత్రం ప్రతి శుక్రవారం బస్సెక్కి పోతాడు. అవ్వ ముందు కూర్చుని కథ చెప్పమంటాడు. ఆమె విసుక్కోకుండా మొదటి నుంచి చెప్తుంది. సాయంత్రం ఇంటికొచ్చాక నేనేమీ అడగను. చెప్పులు విప్పుతూ ఆయనే చెప్తాడు, ఈరోజు కూడా కథలోకి తమ్ముడు రాలేదని.

ఆ ఒక్క మధ్యాహ్నం ఎట్లా వచ్చాడో నాకు తెలియదు.