బడికి నేను వేయని పైపు

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు. దించుకోవడానికే ఇన్నాళ్లు పట్టింది. నేనెవరో మీకు తెలియదు కాబట్టే మీతో చెబుతున్నాను.

మాది శామీర్‌పేట దాటాక ఒక చిన్న ఊరు. చెరువులో గాలానికి చిక్కిన చేప నా స్కూటర్‌ను కట్టదాకా ఈడ్చుకుపోయిందని చెబితే, చేప ఎంత పెద్దదని అడిగేవాళ్లే గాని కాదన్నవాళ్లు లేరు. ఆ నోటి చలవతోనే సర్కారు బడి కమిటీకి చైర్మన్నయ్యాను. అదే నోటితో, బడి పక్కనున్న మా పొలాన్ని ప్లాట్లు చేసి అమ్ముతుండేవాణ్ని.

ఆ ఏడాది, బడి సరిగ్గా నడవాలంటే ఎంత ఖర్చవుతుందో అంచనా పంపమన్నారు. ఎలాగూ సగం కోస్తారని అందరూ రెట్టింపు రాస్తారు. మా హెడ్ మేడం అలా రాయలేదు. ఏది లేకపోతే పిల్లలు బడి మానేస్తారో అంతవరకే రాసింది. అందులో ముఖ్యమైనవి ఆడపిల్లల మరుగుదొడ్లకు బోరు, వాటిని కడగడానికి ఒక మనిషి. ఆ గదులు కట్టి చాలా రోజులైంది. నీళ్లే లేవు.

ఆ అంచనా సరిచూడటానికి ఇంజనీరు సారు వచ్చిన రోజే నా ప్లాటు కోసం భార్యాభర్తలొచ్చారు. కోస్తా నుంచి వచ్చి సిటీలో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు. ఇక్కడ నీళ్లకు కొదవ లేదని దారంతా ఊదరగొట్టాను. పక్కనే బడి కూడా ఉందని లోపలికి తీసుకెళ్లాను. అక్కడ దొరికిపోయాను.

"ఏంది చైర్మన్ సాబ్, గీడ సుక్క నీళ్లు లేవంట గదా?" అన్నాడు సారు.

ప్లాటు కొనడానికొచ్చినావిడ చప్పున నా వైపు తిరిగింది. "అదేంటండీ, నీళ్లకు ఢోకా లేదన్నారు?"

"ఎవలన్నరు లేవని? గా పక్కన నా బోరు జూడుండ్రి సార్, మోటరేస్తే ఆపుడే కష్టం! బడికి నేనే పైపేస్తున్న. గా బోరు ముచ్చట కొట్టేయుండ్రి."

"పక్కానా?"

"నా జబాన్ సార్, మాట తప్ప."

"నిజంగా వేస్తారా అండీ?" హెడ్ మేడం గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"జల్దీ వేస్త మేడం."

సారు అంచనాలోంచి బోరు కొట్టేశాడు. "నీళ్లిచ్చేటాయన కడిగే మనిషిని పెట్టడా?" అని నవ్వి, అదీ కొట్టేశాడు.

ప్లాటు అమ్ముడైంది. పైపు వేయలేదు. ఆ మాట అన్న క్షణంలో నిజంగా వేద్దామనుకున్నానా? ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి వెతికినా, అక్కడ ప్లాటు కొనే ఆవిడ ముఖంలో తగ్గిన అనుమానం, దాన్ని చూసి నాకు కలిగిన సంబరం తప్ప ఇంకేమీ కనబడదు. నా బోరు అప్పటికే గంట పోస్తే గొప్ప.

ఎనిమిదో తరగతిలో లావణ్య ఉండేది. నా చేప కథ మళ్లీ మళ్లీ చెప్పించుకునేది. పెద్దమనిషయ్యాక అన్నం గంట కొట్టగానే ఇంటికెళ్లి, ఆ పూటకి ఇక వచ్చేది కాదు. తర్వాత పొద్దున కూడా రాలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. నాకు అడగాల్సిన పని లేదు, తెలుసు.

ఇప్పుడు నేనమ్మిన ప్లాటులో లేచిన ఇంట్లో గిన్నెలు తోముతోంది. ఆ ఇంటికి నీళ్లు ట్యాంకరు తెస్తుంది.

మొన్న ట్యాంకరు దగ్గర కనబడితే నిలబెట్టి అంతా చెప్పేశాను. ఇంజనీరు, పైపు, కొట్టేయించిన బోరు. ఏదీ దాచలేదు. బకెట్ కింద పెట్టి విన్నది. ఆఖరికి పకపకా నవ్వింది.

"మస్తు చెప్పినవ్ కాకా! గని గీ కథల చేప ఎప్పుడొస్తది?"

నా నోటితో చెప్పిన నిజాన్ని నమ్మే మనిషి మా ఊళ్లో లేడు. అది నేను సంపాదించుకున్నదే. ఆమె బకెట్ ఎత్తుకొని వెళ్లిపోయింది.

అందుకే మీకు రాశాను. క్షమించమని కాదు, మీరు క్షమించాల్సింది కాదది. ఇంతవరకూ చదివి మీరు నవ్వకపోతే చాలు. చాలా రోజుల తర్వాత ఊపిరి సాఫీగా ఆడుతోంది.

ఈ కథలో చేప లేదు.