మా మేనత్తకున్న మూడు చేతులు

మొన్న ఆదివారం పొద్దున శామీర్‌పేట నుంచి మామ ఫోన్ చేశాడు. "మీ అత్త ఇగ లేదు బిడ్డా" అని పెట్టేశాడు. మా నాయిన చెల్లెలు ఆమె. బర్రెలకు గడ్డి వేసి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుందట, అంతే.

మీలో చాలామందికి ఆమె తెలియదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎవరికి చేయి పోయినా ముందు ఆమె ఇంటికే వచ్చేవారు. పెళ్లయిన కొత్తలో గడ్డి కోసే మిషన్‌లో పడి ఆమె కుడిచేయి మోచేతి కిందికి పోయింది. పెట్టుడు చేతులు మూడుండేవి. వచ్చినవాళ్ల ముందు మూడూ మంచం మీద పరిచి, కోడళ్ల గురించి చెప్పినట్టు ఒక్కోదాని మంచీ చెడ్డా చెప్పేది.

రబ్బరు చేయి చర్మం రంగులో, గోళ్లతో సహా ముద్దుగా ఉంటుంది, తేలిక కూడా. పనికి మాత్రం సున్నా. దాన్ని పెళ్లిళ్లకు వేసుకునేది. రెండోది ఇనుప కొక్కెం. భుజానికున్న పట్టీ నుంచి తీగ వస్తుంది, భుజం ముందుకు కదిపితే కొక్కెం నోరు తెరుస్తుంది. చూడ్డానికి మొరటుది గానీ బురదకూ నీళ్లకూ జంకదు. మూడోది బ్యాటరీది, మా అన్న కొనిచ్చాడు. మిగిలిన కండ బిగిస్తే వేళ్లు ముడుచుకుంటాయి. దానికి ఛార్జింగ్ పెట్టాలి, తడి తగలొద్దు, పైగా బరువు. "గిది కొత్తల్లుడే, అడుగులకు మడుగులొత్తాలె" అని నవ్వేది.

రెండేళ్ల కింద దూలపల్లిలో నేను పనిచేసే అట్టపెట్టెల కంపెనీలో నా కుడిచేయీ అట్లాగే పోయింది. రబ్బరుది పెట్టించుకుంటే ఎవరికీ తెలియదని ఇంట్లో అందరూ అన్నారు. నాకూ అదే కావాలనిపించింది. నలుగురి చూపులకు భయపడి పేట్ బషీరాబాద్‌లో మా గేటు దాటడమే మానేశాను. అన్న మాత్రం బ్యాటరీదే మేలని, అవి అమ్మే కంపెనీ మనిషిని ఇంటికి పిలిపించాడు. ఆ రోజు అత్త కూడా బస్సెక్కి వచ్చింది.

ఆయన ఆ చేత్తో కోడిగుడ్డు పగలకుండా పట్టి చూపించాడు. అందరం నోళ్లు వెళ్లబెట్టాం. అత్త లోపలికి పోయి పళ్లెంలో జొన్నపిండి, చెంబుతో వేడినీళ్లు తెచ్చి ముందు పెట్టింది. మా మేనకోడలు రోజూ చేసే పని ఇది, ఒక్క రొట్టె కొట్టి చూపించమంది. ఆయన నవ్వేసి, తడి పనికి ఇది ఆగదమ్మా, ఆఫీసులో కూర్చునేవాళ్లకు బాగుంటుందని ఒప్పుకున్నాడు. నిజం చెప్పాడని అత్తకు ఆయన మస్తు నచ్చాడు. రొట్టె తినేదాకా పోనివ్వలేదు. తర్వాత చేయి పోయి తన దగ్గరికొచ్చిన, బ్యాంకులో పనిచేసే ఒకాయన్ని తనే ఆయన దగ్గరికి పంపింది.

ఆయన వెళ్లాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "చేయి సంగతి తర్వాత. ఏ పని చేతగాక నీకు ఏడుపొస్తాంది, గది చెప్పు."

బిడ్డకు జడ వేయలేకపోతున్నానని చెప్పి బోరున ఏడ్చాను. బడికి పోయే ముందు పక్కింటామె వేసేది. అత్త ఓదార్చలేదు. సంచిలోంచి కొక్కెం తీసి తగిలించుకుని, నా బిడ్డను ముందు కూర్చోబెట్టుకుని, ఒక పాయ కొక్కేనికి ఇచ్చి మిగతా రెండూ వేళ్లతో పట్టి అల్లింది. "ఊరోళ్ల కండ్లకు ఒక చేయి, మన పనికి ఒక చేయి. ముందుగాల పనిది తీస్కో" అంది.

జడ వంకరగా వచ్చింది. బిడ్డ అద్దంలో చూసుకుని బాగుందంది. నేను కొక్కెమే తీసుకున్నాను. పట్టీ ఒరుసుకుని చంక పుండైతే, లోపల పాత నూలు బనీను వేసుకోమని చెప్పిందీ ఆమే. ఇప్పుడు రోజూ జడ నేనే వేస్తున్నాను. ఆమె రుణం తీర్చుకోలేను.

ఆదివారం ఆమెకు స్నానం చేయించి, పసుపు రాసి, ఆడవాళ్లు ఎడమచేతికి పచ్చగాజులు తొడిగారు. కుడివైపు వచ్చి ఆగిపోయారు. ముత్తైదువను ఒంటిచేత్తో ఎట్లా సాగనంపుతామని ఒకామె రబ్బరు చేయి తెమ్మంది. మామ వద్దన్నాడు.

"గది ఊరోళ్ల కోసం ఏసుకునేది. ఇంట్లకు రాంగనే తీసేసేది."

మిగిలిన గాజులు తీసుకుని ఆ మొండిచేతికి తనే తొడిగాడు. అవి నిలవక జారిపోయాయి. మళ్లీ ఎక్కించి, పాడె లేచేదాకా గాజులతో సహా ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.